మృత్యువును దాటిన సుల్తాను

వికారాబాదునుండి బీదరుకు పోవు రైలుమార్గములో కోహీర్ దక్కన్ అను స్టేషను కలదు. కోహీరు జామపండ్లకు పేరు పొందిన ఊరు. బీదరు పీఠభూమిలోని ఎర్రనేలయే ఇచ్చటి పొలములలోను కనిపించును. ఆ ఊరిలో మౌలానా మొయిజుద్దీన్ తుర్కీ అను సూఫీ మహనీయుని దర్గా ఉన్నది. ఇట్టి దర్గాలలో ఉరుసు నాడు దీపములు వెలిగింతురు, సమాధిపై పూలచాదరు కప్పుదురు, పసిబిడ్డలను తెచ్చి గడపకు మ్రొక్కింతురు. లోపల ఉన్నవాడు ఏనాడో చనిపోయిన మనుష్యుడని అచ్చటికి వచ్చినవారందరికి తెలియును. ఐనను బ్రతికియున్న పెద్దతో చెప్పుకొన్నట్లే తమ కష్టసుఖములను అతనితో చెప్పుకొందురు.

ఉరుసు అను మాటకు అరబ్బీలో పెండ్లి అని అర్థము. ఒక మహనీయుడు కన్నుమూసిన దినమును సూఫీలు దుఃఖదినముగా తలపరు. అతని ఆత్మ పరమాత్మను చేరిన కల్యాణదినముగా భావింతురు. చావును పెండ్లి అని పిలుచుటకు ఎంతటి నమ్మకము కావలెను! ఆ నమ్మకము ఎట్లు పుట్టును? దానిని తరతరములుగా నిలుపునది ఏది? ఈ ప్రశ్నలకు వేదాంత గ్రంథములలో సమాధానములు పెక్కు గలవు. కాని ఈ ప్రాంతమును ఏలి, మరణించి, మరణానంతరము అంతకంటె దీర్ఘమైన జీవితమును పొందిన ఒక రాజు కథను పరిశీలించినచో, ఆ ప్రశ్న కంటికి కనిపించు రూపమును దాల్చును.

అతడు బహమనీ వంశపు తొమ్మిదవ సుల్తాను, అహమ్మదుషా. వలీ అని అతనికి బిరుదు. అనగా భగవంతునికి ఆప్తుడు. బీదరును రాజధానిగా తీర్చినవాడు అతడే. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న కోహీరు, జహీరాబాదు ప్రాంతము 1956 వరకు బీదరు జిల్లాలోనిదే. కావున అతని కథ ఈ ప్రాంతపు పాతకథ.

అన్నదమ్ములు

బహమనీ రాజ్యము 1347లో స్థాపింపబడినది. గుల్బర్గా దానికి తొలి రాజధాని. 1397లో ఫిరోజుషా సింహాసనమెక్కెను. అహమ్మదు అతని తమ్ముడు. అన్నకు కుడిభుజమై యుద్ధములలో సేనలను నడిపినవాడు. స్వభావమున మాత్రము ఇద్దరికి చాల భేదముండెను. ఫిరోజుషా పండితుడు. పెక్కు భాషలు నేర్చినవాడు, గణితమునందును ఖగోళమునందును ఆసక్తి గలవాడు. దౌలతాబాదు కొండపై నక్షత్రశాలను కట్టించుటకు పూనుకొనెను. అది పూర్తి కాలేదు. తమ్ముడు గ్రంథములకంటె గురువులను ఎక్కువగా ఆశ్రయించిన వాడు.

ఆ దినములలో ఢిల్లీనుండి ఒక వృద్ధ సూఫీ గుల్బర్గాకు వచ్చెను. అతని పేరు సయ్యదు మహమ్మదు హుసేనీ. పొడవైన కేశములుండుటచే గేసుదరాజ్ అనియు, దీనులను ఆదరించుటచే బందానవాజ్ అనియు లోకము అతనిని పిలిచెను. 1321లో జన్మించిన ఆ మహనీయుడు, తైమూరు దండయాత్రకు ముందు 1398లో ఢిల్లీని విడిచి దక్షిణమునకు బయలుదేరెను. గుల్బర్గా చేరునాటికే అతడు మిక్కిలి వయోవృద్ధుడు. ఫిరోజుషా మొదట గౌరవముతో ఆహ్వానించెను గాని, శాస్త్రచర్చలలో ఆ వృద్ధుని పాండిత్యము అతనికి రుచింపలేదు. అహమ్మదు మాత్రము అతని పాదములయొద్ద కూర్చుండెను. ఆశ్రమమునకు కావలసిన ధనమిచ్చెను. అచ్చట జరుగు అన్నదానములను దగ్గరనుండి చూచెను.

తన కుమారుడు హసన్ ఖానును యువరాజుగా ప్రకటించి, ఫిరోజుషా అతనికి గేసుదరాజ్ ఆశీస్సులు కోరెను. రాజ్యము అహమ్మదునకు వ్రాసిపెట్టి యున్నదని ఆ వృద్ధుడు చెప్పెనని చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాసినాడు. సుల్తాను కోపించి, కోటకు దూరముగా పొమ్మని ఆ మహనీయుని ఆజ్ఞాపించెను. ఫెరిష్తా ఈ సంగతులను 17వ శతాబ్ది ఆరంభమున బీజాపురములో కూర్చుండి వ్రాసెను. అప్పటికి ఇవి జరిగి దాదాపు రెండువందల సంవత్సరములు. అతడు వ్రాసినదానిలో జరిగినదెంత, జరిగినపిదప జనులు చేర్చినదెంత అని చదువువారు ఆలోచింపవలెను.

ఫిరోజుషా చివరి యుద్ధము కృష్ణకు ఉత్తరమున ఉన్న పానుగల్లు కోటకొరకు జరిగినది. ముట్టడి దీర్ఘకాలము సాగెను. శిబిరములో అంటువ్యాధి ప్రబలి మనుష్యులును గుర్రములును కూలిరి. 1420 ప్రాంతమున విజయనగర సేన వచ్చి బహమనీ సైన్యమును చిందరవందర చేసెను. ఆ పరాజయముతో ఫిరోజుషా దేహమును మనస్సును క్రుంగిపోయెను. వ్యవహారములు నడపు సేవకులు, హసన్ ఖాను రాజ్యము నిష్కంటకము కావలెనన్న అహమ్మదును తొలగింపవలసినదే యని సలహా చెప్పిరి. అహమ్మదు ఆ వార్త విని రాత్రికి రాత్రి గుల్బర్గా విడిచి పారిపోయెను.

అప్పుడతనికి తోడు నిలిచినవాడు బస్రానుండి వచ్చిన ఖలఫ్ హసన్ అను గుర్రముల వర్తకుడు. అనుచరులు కొద్దిమంది, వెంట తరుముకొని వచ్చు సేన పెద్దది. దారిలో బంజారా వర్తకుల ఎద్దులమంద కనిపించగా, ఖలఫ్ హసన్ వానిని తీసికొని, వానిపై మనుష్యులనెక్కించి, జెండాలు పట్టించి, దూరమునుండి చూచువారికి గొప్ప అశ్వదళము వచ్చుచున్నట్లు భ్రమ కల్పించెనట. రాజసేన బెదరి చెదరినది. అహమ్మదు గుల్బర్గాను చేరెను. అన్న పడకపైనుండియే రాజ్యమును తమ్ముని చేతబెట్టెను. అది 1422 సెప్టెంబరు మాసము. కొలది దినములలోనే ఫిరోజుషా మరణించెను. ఆ మరణము సహజమేనని కొందరు వ్రాసిరి. కాదేమో యని కొందరు సందేహించిరి. హసన్ ఖానును చంపుమని మంత్రులు చెప్పినను అహమ్మదు వినక, అతనికి ఫిరోజాబాదులో నివాసమేర్పరచెను. అయినను అన్న మరణముగూర్చిన సందేహము మాత్రము అతని చరిత్రను విడువలేదు.

గురువు సమాధి

అహమ్మదు సింహాసనమెక్కిన కొలది వారములకే, 1422 నవంబరులో గేసుదరాజ్ పరమపదించెను. చాంద్రమానము ప్రకారము అతని వయస్సు నూరేండ్లు దాటినది. రాజ్యము వచ్చునని చెప్పిన గురువు, రాజ్యము వచ్చినవెంటనే పోయినాడు. సుల్తాను ఆ సమాధిపై భవ్యమైన కట్టడమును లేపించెను. గురువు వంశీయులకు గ్రామములనిచ్చెను. ఆ దర్గా నేటికిని దక్షిణాపథములో మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఇస్లాము మతము ప్రకారము మరణమునకును ప్రళయదినమునకును నడుమ బర్జఖ్ అను అవస్థ కలదు. దేహము మట్టిలో నుండగా ఆత్మ తీర్పుకొరకు అచ్చట వేచియుండును. మహనీయులకు ఆ అవస్థలో సైతము ఇహలోకమువారి మొర వినపడునని సూఫీ భక్తులు నమ్ముదురు. సమాధులను ఆశ్రయించి వరములు కోరరాదని ఆ మతమునందే కొందరు విద్వాంసులు వాదింతురు. అహమ్మదు మొదటి పక్షమున నిలిచెను. అతనికి గురువు చనిపోలేదు; ఇల్లు మార్చినాడు, అంతే. రాజు ఇట్లు నమ్మి, ఆ నమ్మకముపై రాళ్ళు పేర్చి గుంబజు కట్టినపుడు అది ఇంటింటి నమ్మకమగుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఖడ్గము

గురువు సమాధి కట్టించిన చేతులే ఖడ్గమును పట్టినవి. పానుగల్లు అవమానమునకు ప్రతీకారముగా అహమ్మదుషా 1423లో విజయనగర రాజ్యముపై దండెత్తెను. ఈ దండయాత్రను ఫెరిష్తా దాచక వర్ణించినాడు. సేనలు పోయినచోటనెల్ల గ్రామములు నాశనమయ్యెను. స్త్రీలను, బాలురను సైతము విడువలేదు. చంపబడినవారి సంఖ్య ఇరువదివేలకు చేరినపుడెల్ల సుల్తాను మూడు దినములు ఆగి ఉత్సవము చేసికొనెనట. ఆ సంఖ్యలు అతిశయోక్తులు కావచ్చును. పూర్వకాలపు ఆస్థాన చరిత్రకారులు తమ రాజు చంపించినవారిని హెచ్చించి వ్రాయుట గొప్పగా భావించిరి. ఐనను ఆ దండయాత్ర క్రూరమైనదనుటలో సందేహము లేదు.

ఆ యుద్ధమునందే సుల్తాను మృత్యువును అతి సమీపమున చూచెను. ఒకనాడు వేటకై సేనను విడిచి దూరము పోగా శత్రువుల గుంపు అతనిని చుట్టుముట్టినది. దాపున పశువులను తోలు మట్టిగోడల దొడ్డి యొకటి కనిపించెను. సుల్తాను కొద్దిమందితో అందులో చొరబడి తలదాచుకొనెను. శత్రువులు గోడలను పడద్రోయుచుండగా సహాయసేన వచ్చి రక్షించినది. వేలమందిని పరలోకమునకు పంపుచున్న రాజు ఒక పసులదొడ్డిలో తన వంతుకొరకు ఎదురుచూచెను. ఆ గడియలో అతని మనస్సులో ఏమి మెదలెనో చరిత్ర వ్రాయలేదు. అటుతరువాత అతని జీవితములో సాధువులు, కలలు, సమాధులు ఎక్కువ చోటు ఆక్రమించుకొనుట మాత్రము కనిపించుచున్నది.

వాన

యుద్ధానంతరము దక్కనులో వానలు లేకపోయెను. చెరువులు ఎండెను, బావులు అడుగంటెను, పశువులు అడవులలో పడి చచ్చెను. సుల్తాను ధాన్యాగారములను తెరిపించి పేదలకు పంచెను. మరుసటి యేడును మబ్బు కనిపించలేదు. అప్పుడు జనులు గొణగసాగిరి. రాజు పాపమువలననే వాన రాలేదని చాటున అనుకొనిరి. రాజు ధర్మము తప్పినచో వానలుండవని ఈ దేశమున హిందువులును ముస్లిములును ఒకే విధముగ నమ్ముదురు. కావున ఆ గొణుగుడు అతని సింహాసనముపై వచ్చిన అభియోగము.

అహమ్మదుషా గుల్బర్గా వెలుపల ఒక గుట్టపైకి పోయెను. తలపాగా లేక, రాజచిహ్నములు లేక, నేలపై సాగిలపడి కన్నీరు విడుచుచు ప్రార్థించెనట. మబ్బులు కమ్మి వాన కురిసెనట. తడిసిన జనులు సంతోషముతో అతనిని వలీ అని కేకలువేసి పిలిచిరి. నాటినుండి ఆ మాట అతని పేరులో భాగమయ్యెను.

వాన ప్రార్థనవలన వచ్చెనా, ఋతుధర్మమువలన వచ్చెనా అని నేటి విద్యార్థి అడుగవచ్చును. రెండేండ్ల కరువు తరువాత ఎప్పుడో ఒకప్పుడు వాన రాక తప్పదు. వాన రాని దినమున చేసిన ప్రార్థనలను లోకము జ్ఞాపకముంచుకొనదు; వచ్చినదినమునదే కథగా నిలుచును. ఆ సంగతి చెప్పుట సులభము. కాని జనులు ఆనాడు చూచినది మబ్బును మాత్రమే కాదు. తాము భయపడు రాజు తమవలెనే మట్టిపై పడి ఏడ్చుటను చూచిరి. వారికి వలీ పుట్టినది ఆ క్షణమున.

బీదరు

తరువాత అహమ్మదుషా దృష్టి తెలంగాణముపై పడెను. 1424-25లో అతని సేనాని ఖానె ఆజం ఓరుగల్లును పట్టుకొనెను. ఆ పోరులో అచ్చటి పాలకుడు మరణించెను. కాకతీయుల రాజధానిగా వెలసిన నగరము బహమనీల చేతికి పోయినది. ఈ విజయముతో రాజ్యము తూర్పునకు పెరిగినది. గుల్బర్గా ఒక మూలకు వచ్చెను. గాలి, నీరు మంచివై, ఎత్తైన అంచుపై ఉన్న బీదరు రాజ్యమునకు మధ్యస్థానమయ్యెను. వేటలో ఒక నక్క వేటకుక్కలను ఎదిరించి నిలుచుట చూచి సుల్తాను ఆ స్థలమును ఎన్నుకొనెనని జనశ్రుతి. అట్టి కథ దక్షిణాపథమున పెక్కు రాజధానులకు కలదు. 1420ల నడుమ ఆరంభమైన మార్పు క్రమముగా సాగి, 1432 నాటికి ఎర్రరాతి గోడలతో బీదరుకోట నిలిచినది. బీదరునుండి తెలంగాణమునకు తిరుగు దిక్కుననున్న కోహీరు వంటి ఊళ్ళు క్రొత్త రాజధాని నీడలోనికి వచ్చినవి.

ఇచ్చటనే అతని రెండవ గురువు కథ జరిగినది. ఇరానులో కిర్మాను దగ్గర మాహాన్ అను ఊరిలో షా నియామతుల్లా అను సూఫీకవి ఉండెను. అహమ్మదుషా అతనికి కానుకలు పంపి శిష్యత్వమును కోరెను. ఆ మహనీయుడు పండ్రెండు మొనలు గల పచ్చని టోపీని పంపగా, దానిని తెచ్చిన సాధువును చూచి సుల్తాను ఆశ్చర్యపడెనట. తాను సింహాసనమునకై పోరాడు దినములలో ఒక కల కనెనట. ఆ కలలో ఒక సాధువు అట్టి టోపీనే అతని చేతికిచ్చెనట. ఆ మనుష్యుడే ఇతడు, ఆ టోపీయే ఇది. నియామతుల్లా తన మనుమడైన నూరుల్లాను మొదట బీదరుకు పంపెను. 1431లో ఆ గురువు మరణించిన పిదప అతని కుమారుడు ఖలీలుల్లాయే వచ్చి బీదరులో స్థిరపడెను. బీదరునుండి అష్టూరుకు పోవు దారిలో చౌఖండీ యని పిలువబడు ఎనిమిది మూలల ఎత్తైన కట్టడము ఖలీలుల్లా సమాధియే.

1871లో ఇంగ్లండునకు చెందిన టైలర్ అను మానవశాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ఆదిమానవుడు కలలో చనిపోయిన తండ్రిని చూచెను, అతని మాట వినెను. మేల్కొని, తండ్రిలో దేహము గాక వేరొకటి ఉన్నదనియు, అది ఎచ్చటనో బ్రతికియున్నదనియు తలచెను. ఆత్మయను భావము అచ్చటనే పుట్టినదని అతని వాదము. అహమ్మదుషా కథలోను దర్బారులో జరుగని నిర్ణయములు కలలలో జరిగినవి. కాని కల ఒక్కటియే నమ్మకమునకు చాలదు. కల కన్నవానికి దానిని నమ్మవలసిన అవసరము కూడ ఉండవలెను. అన్న రాజ్యమును పొందిన తమ్మునికి, ఆ రాజ్యము దైవనిర్ణయమని చెప్పు కల ఎంత అవసరమో ఊహించుట కష్టము కాదు.

అష్టూరు

చివరి సంవత్సరములు అతనికి సుఖము నీయలేదు. మాళవరాజైన హోషంగుషాను ఓడించిన సుల్తాను, 1430 ప్రాంతమున మాహిం వద్ద గుజరాతువారి చేతిలో ఓటమి చవిచూచెను. ఇరానునుండి వచ్చినవారికిని దక్కనులో పుట్టినవారికిని మధ్య ఆస్థానములో ద్వేషము పెరిగెను. ఆ ద్వేషమే తరువాత బహమనీ రాజ్యమును చీల్చినది. 1436లో అహమ్మదుషా మరణించెను. కుమారుడు అలాఉద్దీన్ అహమ్మదు రాజ్యమునకు వచ్చెను. బీదరుకు తూర్పున కొలది దూరములో ఉన్న అష్టూరు గ్రామమున తండ్రికి సమాధి నిర్మింపబడెను.

ఆ సమాధి వెలుపలినుండి చూచినపుడు గంభీరమైన గుంబజు మాత్రమే. లోనికి పోయినవారికి ఇంకొక లోకము కనిపించును. గోడలపైనను కప్పుపైనను ఎరుపు, నీలము, బంగారు వన్నెలలో లతలు, పుష్పములు, అక్షరములు. సూఫీ గురుపరంపరల పట్టికలు అచ్చట వ్రాయబడినవి. ఒకరినుండి ఒకరికి అందిన దీపమువలె గురువుల పేర్లు వరుసగా నడచును. చనిపోయిన వారందరును ఆ గోడపై బ్రతికియున్న ఒకే కుటుంబము. హైదరాబాదు సంస్థాన పురావస్తుశాఖకు అధ్యక్షుడుగా ఉన్న గులాం యజ్దానీ బీదరు కట్టడములపై 1947లో ప్రకటించిన గ్రంథములో ఈ చిత్రములను విపులముగా వర్ణించినాడు.

సుల్తాను కథ ఇచ్చట ముగియవలసినది. కాని దానిలోని వింతభాగము ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

ప్రతి సంవత్సరమును హోళీ పండుగ దినములలో అష్టూరులో అతని ఉరుసు జరుగును. ముస్లిముల చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములే. కావున వారి పండుగలు ఋతువులన్నిటిలో తిరుగుచుండును. అష్టూరు ఉరుసు అట్లు తిరుగదు. అది హిందువుల పంచాంగమును అనుసరించును. నేటి కలబురగి జిల్లాలోని మాడియాళ గ్రామమునుండి ఒక జంగమస్వామి భక్తులతో కాలినడకన బయలుదేరి వచ్చును. అతడు చేరినపిదపనే ముఖ్యమైన పూజ నడచును. శంఖములు మ్రోగును, కొబ్బరికాయలు కొట్టుదురు, ఫాతిహా చదువుదురు. ముస్లిములకు అతడు వలీ. లింగాయతులకు అతడు అల్లమప్రభువు అవతారము.

అల్లమప్రభువు 12వ శతాబ్దమున బసవేశ్వరుని కల్యాణములో శివశరణుల సభకు అధ్యక్షత వహించిన జ్ఞాని. బసవేశ్వరుని కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో కావ్యముగా రచించినాడు గనుక ఆ శరణులు తెలుగు విద్యార్థులకు అపరిచితులు కారు. కల్యాణము బీదరు జిల్లాలోనిదే. లింగాయతులు మృతదేహమును దహింపరు; ఇష్టలింగముతో కూర్చుండబెట్టి సమాధి చేయుదురు. చనిపోయినాడనరు, లింగైక్యము చెందినాడందురు. సూఫీలు చావును కలయిక యనిరి, శరణులు ఐక్యమనిరి. ఇరువురును సమాధిని ముగింపుగా గాక గురువుండు స్థానముగా తలచిరి. రెండు మతముల భాష వేరైనను మృత్యువు ముందు వారి వైఖరి దగ్గరగా ఉండెను. ఆ దగ్గరితనమే ఒక తురక సుల్తానును శివశరణునిగా చేసినది.

సమాధుల తీర్పు

అష్టూరులో సమాధి ఒక్కటి గాదు. బహమనీ రాజుల సమాధులు వరుసగా ఉన్నవి. వానిలో అహమ్మదుషా మనుమడైన హుమాయూన్ సమాధి యొకటి. 1458 మొదలు 1461 వరకు ఏలిన ఆ రాజునకు లోకము జాలిం, అనగా క్రూరుడు, అని పేరు పెట్టినది. అతని గుంబజుపై పిడుగు పడి పెద్దభాగము కూలినది. చీలిన గోడల నడుమనుండి ఆకాశము కనిపించును. దుర్మార్గుని దేవుడు చచ్చినతరువాత కూడ విడువలేదని ఆ ప్రాంతపువారు దానిని చూపించి చెప్పుదురు. తాత సమాధి చెక్కుచెదరలేదు, మనుమని సమాధి చీలినది. చదువురానివారికిని చదువగల తీర్పు అది.

పరలోకము లేనిచో ఈ తీర్పు ఎచ్చట చెప్పబడును? మరణానంతర జీవితమును జనులు నమ్ముటకు ఇది యొక బలమైన కారణము. ఈ లోకములో క్రూరుడు మెత్తని పరుపుపై మరణించుట, సాధువు ఆకలితో చచ్చుట అందరును చూచుచున్నారు. లెక్క ఇచ్చటనే ముగిసినదనుకొన్నచో ధర్మమునకు చోటులేదు. కావున లెక్కపుస్తకమునకు ఇంకొక పుట ఉన్నదని మనుష్యుడు నమ్మెను. చార్వాకులు ఆ పుట లేదనిరి. మరణానంతరము తథాగతుడుండునా లేదా అని అడుగగా బుద్ధుడు మౌనము వహించెను. కఠోపనిషత్తులో నచికేతుడను బాలుడు యముని ఇంటికే పోయి ఈ ప్రశ్న అడిగెను. దీనిని తప్ప వేరొక వరము కోరుకొమ్మని యముడే బ్రతిమాలెను.

బాలుని నోట ఆ ప్రశ్నను పెట్టుట ఊరక చేసిన పని కాదేమో. 2004లో అమెరికాలో బెరింగ్, బ్యోర్క్‌లండ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను ప్రకటించిరి. పిల్లలకు బొమ్మలాటగా ఒక చిట్టెలుక కథను చూపిరి. మొసలి ఆ ఎలుకను తినివేసినది. ఎలుక ఇక అన్నము తినునా యని అడుగగా తినదని పిల్లలు చెప్పిరి. అమ్మను ప్రేమించుచున్నదా యని అడుగగా ప్రేమించుచునే యున్నదని పెక్కుమంది చెప్పిరి. ఆకలి ఆగిపోవుటను పసివాడు ఊహింపగలడు. ప్రేమ ఆగిపోవుటను ఊహింపలేడు. తన మనస్సు లేకుండుట ఎట్లుండునో ఏ మనస్సును తలచుకొనజాలదు. పెద్దలు నేర్పకముందే ఈ నమ్మకమునకు బీజము మనస్సులో ఉన్నదనియు, మతములు దానికి నీరుపోసి పెంచినవనియు ఆ పరిశోధకుల వంటివారు భావించుచున్నారు.

తెలంగాణములో రాక్షసగుళ్ళని ప్రజలు పిలుచు పెద్దరాళ్ళ సమాధులు పెక్కుచోట్ల కలవు. అవి రాక్షసులవి కావు, ఇనుపయుగపు మనుష్యులవి. వానిని త్రవ్వగా ఎముకల ప్రక్కన కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు దొరికినవి. పోయినవానికి త్రోవలో అన్నము కావలెను, కత్తి కావలెను, నగ కావలెనని ఎవరో తలచిరి. వేదము వినని, కురాను చదువని ఆ కాలమువారు సైతము తమవాని చేయి విడువలేకపోయిరి. సిద్ధాంతములు తరువాత వచ్చినవి. ఆ మమకారము ముందే ఉన్నది.

ఈ కారణములన్నియు అహమ్మదుషా కథలో ఒకచోట చేరినవి. గురువును విడువలేని శిష్యుని ప్రేమ ఉన్నది. అన్న రాజ్యము పొందినవాని అశాంతి ఉన్నది. పసులదొడ్డిలో చూచిన చావుభయము ఉన్నది. కరువులో కాపాడినవానికి జనులు తీర్చుకొను ఋణము ఉన్నది. న్యాయము ఎప్పటికైనను జరుగవలెనను ఆశ ఉన్నది. ఇవి నమ్మకమునకు కారణములేగాని సాక్ష్యములు కావు. మృత్యువు ఆవల ఏమున్నదో చరిత్ర చెప్పజాలదు. మృత్యువు ఈవల ఉన్నవారు ఎవరిని ఎందుకు బ్రతికించుకొందురో మాత్రము అది చెప్పగలదు.

ఆ తీర్పులో ఒక లోపమున్నదని కూడ చరిత్ర చెప్పవలసియున్నది. 1423 దండయాత్రలో చచ్చిన గ్రామీణులకు గుంబజులు లేవు, ఉరుసులు లేవు, పేర్లు లేవు. వారి బిడ్డలు గుల్బర్గా గుట్టమీది ప్రార్థనను చూడలేదు; వారికి ఆ రాజు వలీ కాడు. అష్టూరులో దీపము పెట్టువారు వానను జ్ఞాపకముంచుకొని రక్తమును మరచిరి. అది మోసమని అనుట న్యాయము కాదు. తమకు మేలు చేసినదానినే జనులు నిలుపుకొందురు. తాము ఎరుగని ఊళ్ళ దుఃఖము వారి పాటలలోనికి రాదు. కాని విద్యార్థులకు ఈ కథ చెప్పు ఉపాధ్యాయుడు రెండును చెప్పవలెను. వలీ సమాధిని చూచి నమస్కరించువాడు, సమాధి లేనివారిని కూడ ఒక్క నిమిషము తలచినచో ఆ నమస్కారమునకు లోటు రాదు.

జహీరాబాదు ప్రాంతము మెట్టభూముల సీమ. అచ్చటి సేద్యము ఎక్కువగా వానపైననే ఆధారపడియున్నది. హోళీ వెళ్ళిన పిదప ఎండలు ముదురును, చెరువులు తగ్గును, రైతు ఆకాశమువైపు చూచుట మొదలుపెట్టును. సరిగా ఆ దినములలోనే అష్టూరులో శంఖము మ్రోగును. ఆరువందల సంవత్సరముల క్రిందట ఒకమారు వాన తెచ్చినాడని చెప్పబడు మనుష్యుని గడపలో, తలపై కొంగు కప్పుకొన్న స్త్రీయును, నుదుట విభూతి పెట్టుకొన్న వృద్ధుడును ప్రక్కప్రక్కన నిలుచుందురు. వారు అడుగునది స్వర్గముగూర్చి కాదు. రాబోవు వానకాలముగూర్చి, చంటిబిడ్డ జ్వరముగూర్చి, ఊరు విడిచిపోయిన కుమారునిగూర్చి. ఆ మాటలు వినువాడు ఒకడు లోపల ఉన్నాడని నమ్మి, కొంత తేలికపడిన మనస్సుతో వారు ఇండ్లకు మరలుదురు.